ఉమెజు మడి

మా ఊరి తులిప్ పూల పండక్కి వచ్చేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఉన్నమాట ముందే చెప్పేస్తున్నాను. గయ్యాళిదని అనుకుంటే అనుకోండి. మా ఆడపడుచు కిమియో వదిన నేను కాపురానికొచ్చిన నాటినుంచీ అదే మాట అంటోంది, నాకు ఒక్క వెంట్రుకా ఊడలేదు.

అసలు మేం పూలు పెంచేవాళ్లం కాదు. బస్సుల్లోంచి దిగేవాళ్లకు ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా బుర్రకెక్కదు. మేం గడ్డలు పెంచుతాం. వరి కోశాక అవే మళ్లలో అక్టోబరులో తులిప్ గడ్డలు పాతుతాం. చలికాలమంతా అవి మంచు కింద పడుకుంటాయి. ఏప్రిల్ చివర పూస్తాయి. జూన్‌లో తవ్వి తీసి సహకార సంఘానికి వేస్తాం. పువ్వు విచ్చిందంటే చాలు, గడ్డలో ఉన్న బలమంతా జుర్రుకోవడం మొదలెడుతుంది. అందుకే రంగు చూసుకుని, తెగులు చూసుకుని, వెంటనే పువ్వు తల తుంచిపారేస్తాం. బొటనవేలు ఆనించి ఒక్క విరుపు, అంతే. రేకులు రాలి వానకు తడిసి ఆకులకు అంటుకుంటే ఆకులు కుళ్లిపోతాయి కాబట్టి తుంచినవన్నీ బుట్టలో వేసుకుని పోతాం.

"అయ్యయ్యో, ఇంత అందమైన పూలను చంపేస్తున్నారేంటి మామ్మగారూ!" అని గట్టు మీద నిలబడి గుండెలు బాదుకుంటారు.

"ముల్లంగి తరిగేటప్పుడు కూడా ఇలాగే ఏడుస్తావా తల్లీ?" అని ఒకసారి ఒక టోక్యో అమ్మాయిని అడిగాను. ఆ పిల్ల నా ఫోటో తీసుకుంది.

మా పొలం రోడ్డు దగ్గర మొదలై కాలవ దాకా ఉంటుంది. అందులో అంత పొడుగునా సాగే ఒక మడి నాది. పొలం మా ఆయన వంశానిది, నేను కాదనను. ఆ మడిలో పువ్వు మాత్రం నాది. ఒక రకం పుప్పొడిని ఇంకో రకానికి నా చేత్తో అద్ది, కాయ కట్టించి, విత్తనం తీసి, మొలిపించుకున్నాను. తులిప్‌ను విత్తనం నుంచి పెంచితే మొదటి పువ్వు చూడ్డానికే ఐదారేళ్లు పడుతుంది. అన్ని మొలకల్లో నా మనసుకు పట్టింది ఒక్కటే ఒక్కటి. ఆ గడ్డ రెండై, రెండు నాలుగై, మడి నిండేసరికి నా జుట్టు తెల్లబడింది.

మా అత్తగారు హత్సు బతికున్న రోజుల్లో నా మొలకల తొట్టెలు చూసి నోరు చేసుకునేది. "పూలాటలు ఆడుకోవడానికా నిన్ను తెచ్చుకుంది? గడ్డ నాటితే ఏడాదికి పంట. విత్తు నాటి ముసలిదయ్యేదాకా కూర్చునేదాన్ని నిన్నే చూశాను" అనేది. అనడంతో ఆగిందా? ఒకరోజు నేను ఊళ్లో లేనప్పుడు తొట్టెల మీదికి కోళ్లను తోలింది. ఆ కోళ్లు గీకగా మిగిలిన మొలకల్లోనే నా పువ్వు ఉంది. దానికి ఉమెజు అని పేరు పెట్టుకున్నాను. ఉమె కాయల్ని ఉప్పులో ఊరేస్తే జాడీలో పైకి తేలే ఎర్రటి పులుపు రసాన్ని మేం అలా అంటాం. పువ్వుది అచ్చం అదే రంగు.

కొన్నేళ్ల కిందట సహకార సంఘం వాళ్లు ఉమెజును తీసుకుంటామన్నారు. పూత మీద ఉండగా వాళ్ల మనిషి కోసుగి వచ్చి తెగులు లేదని చూడాలి. జూన్‌లో గడ్డలు బలంగా దిగాలి. ఈ రెండూ అయితే దానికి పేరు రాయించి, ఊళ్లో అందరి పొలాల్లో వేయిస్తారు. నేను పోయినా నా పువ్వు ఉంటుంది. కాకపోతే నాతోపాటే మట్టిలో కలిసిపోతుంది. నాకు మళ్లీ మొదలుపెట్టే వయసు లేదు.

ఇలా ఉండగా పండగ పోస్టరు వచ్చింది. చూద్దును కదా, మంచుకొండల ముందు నా మడి! నిండా విచ్చిన నా ఉమెజులు! కింద పెద్దక్షరాలతో, మే ఐదు దాకా చూసి తరించండి అని.

"ఇదెవరు ఒప్పుకున్నారు?" అని మా ఆయన్ని అడిగాను.

మా ఆయన ఇసాము మిసో చారు గిన్నెలో మొహం దాచుకున్నాడు. "అక్క అడిగింది."

"అక్క అడిగితే?"

"సరేనన్నాను."

"మడి ఎవరిది?"

ఆయన నెమ్మదిగా చెవిలో మిషను తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. పెళ్లాం గొంతు పెరిగిందంటే ఆయన చేసే పని అదొక్కటే. చెవిటివాడి ముందు శంఖం ఊది ఏం లాభం! అత్తసొమ్ము అల్లుడు దానం అంటే ఏంటో ఆ పూట నాకు బాగా తెలిసొచ్చింది.

కిమియో వదిన మా ఆయనకు అక్క. పైన లోయలో, వేడి ఊటల దగ్గర, హోటలు వాళ్లింటికి ఇచ్చారు. పండగ కమిటీకి అధ్యక్షుడు వాళ్లాయన. అది పేరుకే, గంట కొట్టేది ఈవిడే. ఏటా వసంతంలో తన హోటల్లో దిగినవాళ్లను బస్సుకెక్కించుకుని, చేతిలో పచ్చజెండా పట్టుకుని, మా పొలం మీదికి దిగుతుంది. ఆడపడుచు ఒక్కతే వెయ్యి దయ్యాల పెట్టని మావాళ్ల సామెత. అది పుట్టించినవాడు మా వదినను చూసి ఉండడు, చూసుంటే లెక్క పెంచేవాడు. ఎప్పుడో అత్తగారి సంవత్సరీకం నాడు, చేప వేగలేదని నలుగురిలో నన్ను అడిగింది చూడండి, అప్పటినుంచి నేను ఆవిడ గడప తొక్కలేదు.

పోస్టరు వచ్చిన వారానికి ఆవిడా వచ్చింది, బస్సుతో సహా.

"హిసానో! మొహం కాస్త నవ్వుతూ పెట్టు. ఫోటోల్లో పడుతోంది" అని గట్టు మీదనుంచే కేకేసింది.

"నా మొహం బాగోకపోతే కెమెరాలు అటు తిప్పించండి వదినా."

"మా పుట్టింటి పొలంలో ఎటు తిప్పాలో నువ్వు చెప్పాలా నాకు?"

"పుట్టిల్లు మీదే, ఎవరు కాదన్నారు? ఈ మడి మీది కాదు. కోసుగి వచ్చి చూసిపోగానే పూలన్నీ తుంచేస్తాను."

"తుంచావంటే ఊరుకోను. ఐదో తారీఖు దాకా ఉండాలి. జనం పోస్టరు చూసి ఈ మడికోసమే వస్తున్నారు."

"అన్నాళ్లు ఉంచితే గడ్డలు వెల్లుల్లిపాయల్లా తేలతాయి."

"ఒక్క ఏడు చిక్కితే చస్తాయా?"

"ఈ ఏడే కదా సంఘం వాళ్లు చూసేది!"

"అబ్బో, మా అమ్మ ఉన్నప్పుడు నీకింత నోరు లేదే."

"మీ అమ్మగారు ఉన్నప్పుడు ఆ ఇంట్లో ఇంకో నోటికి చోటెక్కడిది?"

ఆవిడ వెనక నిలబడ్డ అతిథులు పకపకా నవ్వారు. మా ఇద్దరి మాటలూ పండగలో వినోదం అనుకున్నట్టున్నారు. వదిన కూడా వాళ్లవైపు తిరిగి పళ్లికిలించి, నావైపు తిరిగి కళ్లురిమింది. నేనేం తగ్గలేదు.

కోసుగి వస్తానన్న రోజు పొద్దున్నే మడిలోకి దిగాను. ఒక్కో పువ్వునూ లోపలా బయటా చూసుకుంటూ కాలవ చివరనుంచి రోడ్డు వైపు నడిచాను. మామూలుగా పండగ రోజుల్లో నేను రోడ్డు వైపు పోను. ఆ జనాన్ని చూస్తే తిన్నది అరగదు నాకు. ఆ వేళకింకా ఎవరూ రాలేదు కాబట్టి చివరిదాకా వెళ్లాను.

చివరి వరసలో ఒక పువ్వు ఉంది. ఎర్రటి రేకుల మీద తెల్లటి చారలు, అడుగునుంచి అంచుదాకా, నిప్పు నాలుకల్లా. తెలియనివాళ్లు చూస్తే కళ్లకద్దుకుంటారు. నాకు మాత్రం అదేంటో చూడగానే తెలిసింది. ఆ చారలు వైరస్ తెగులు. దానికి మందు లేదు. పట్టిన మొక్కను గడ్డతో సహా పీకి పాతిపెట్టడం తప్ప చేసేదేం లేదు. మా ఇళ్లలో పిల్లలకు నడక రాగానే నేర్పే పని, పూలల్లో చారలదాన్ని ఏరి పీకడం.

పీకాను. సంచిలో వేసి మూతి కట్టాను. ఇదెక్కడినుంచి పట్టుకుందిరా దేవుడా అని తలెత్తి చూస్తే, ఎదురుగా గట్టు మీద పండగవాళ్లు పెట్టిన చెక్క డబ్బాలు. వాటి నిండా తులిప్‌లు. ఎరుపు మీద తెలుపు, ఊదా మీద పసుపు, అన్నీ చారలవే! ఒక్కటంటే ఒక్కటి మంచిది లేదు. పరిగెత్తి ఒక ఆకు తిప్పి చూశాను. అడుగున పచ్చటి పేనుబంక, వేలు పెట్టడానికి సందు లేదు. పేనుబంక ఇక్కడ తెగులు రసం పీలుస్తుంది, రెక్కలొచ్చి పక్క మొక్క మీద వాలుతుంది, దానికి అంటిస్తుంది. ఈ వసంతంలో అంటుకుంటే చారలు వచ్చే వసంతంలో గాని బయటపడవు. అంటే నేను పీకినదానికి పోయినేడే అంటింది. మరి ఈ ఏడు ఎన్నింటికి అంటిందో! మడి అంతా ఎర్రగా, చక్కగా, కడిగిన ముత్యంలా కనబడుతూనే ఉంది.

ఇంటికి పోయి, మా ఆయన జేబులోంచి మిషను తీసి, నేనే ఆయన చెవిలో పెట్టాను.

"ఏరేసిన తెగులు మొక్కల్ని ఏం చేస్తున్నావు నువ్వు?"

"పాతిపెడుతున్నా."

"ఎక్కడ?"

"పోయినేడు అక్క అడిగింది. మట్టితో సహా తీసిచ్చాను. డబ్బాల్లో పెట్టుకుంటానంది."

"ఈ ఏడు?"

"ఈ ఏడూ అడిగింది."

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఊరికే అనలేదు. చేతిలో ఏముందో కూడా చూసుకోకుండా విసిరాను. అన్నం గరిటె. తగల్లేదు, అదొక్కటే విచారం.

నేను మళ్లీ పొలానికి వచ్చేసరికి బస్సు వచ్చేసింది. జనం నా మడి దగ్గర కూడా లేరు, ఆ డబ్బాల చుట్టూ ఈగల్లా మూగారు. వదిన పచ్చజెండా ఊపుతోంది. చెయ్యి పట్టుకుని పక్కకు లాక్కుపోయాను.

"ఇవేంటో తెలిసే పెట్టారా, తెలియక పెట్టారా?"

"చెయ్యి వదులు. తెలుసు."

"తెలిసి! గడ్డలింట్లో పుట్టి, తెలిసి!"

"డబ్బాలో ఉన్నాయి, మడిలో లేవుగా. గట్టు మీద ఉన్నాయి."

"పేనుకు గట్టేంటో మడేంటో తెలుసా? దానికి మీరు జెండా ఊపి చెప్పారా ఇటు రావద్దని?"

వదిన మొహం ఒక్కసారి ఎర్రబడింది. నా మీదే ఎగిరిపడింది. "నీకేం తెలుసు? చిన్నప్పుడు అమ్మ నాచేతే పీకించేది. ఏది అందంగా ఉంటే అది పీకాలి! పొలమంతా ఒక్కలాంటి బొమ్మలు, వాటిలో ఒకటి కళ్లు తెరుచుకున్నట్టుండేది, దాన్ని పీకి గోతిలో వెయ్యాలి. ఒక్కటి సీసాలో పెట్టుకుంటానంటే చేతి మీద కొట్టేది. ఇదిగో, ఇంతమంది జనం! నీ మడి వదిలేసి వీటినే చూస్తున్నారు. నేనేమన్నా తప్పు చెప్పానా?"

"మీ చిన్నతనం ముచ్చటకు నా బతుకు బుగ్గి చేశారు కదా వదినా!"

ఆవిడ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "ఎన్ని కనబడ్డాయి?"

"ఒకటి."

"పీకేశావా?"

"పీకాను."

"అయితే ఇంకేం? కోసుగి వస్తాడు, చూస్తాడు, బాగుందని రాసుకుపోతాడు. నేను ఈ డబ్బాలు ఇప్పుడే తీయించేస్తాను. నువ్వు నోరు మూసుకో, నేనూ మూసుకుంటాను."

కాపురానికొచ్చాక మా ఇద్దరికీ ఒక్క మాట మీద కుదిరే అవకాశం అదే మొదటిసారి. అబద్ధం ఎందుకు చెప్పాలి, నాకూ ఆశ పుట్టింది. నోరు మూసుకుందామనే అనుకున్నాను. అప్పుడే కోసుగి చిన్న తెల్ల కారు కాలవ గట్టున ఆగింది.

కోసుగి మాట తక్కువ మనిషి. కాలవ వైపునుంచి వరస వరసా వంగి చూసుకుంటూ వచ్చాడు. నేను వెనకాలే నడిచాను. చివరికి వచ్చి నడుం నిటారు చేసుకుని, "చార ఒక్కటీ లేదు హిసానోగారూ. ఇంత శుభ్రమైన మడి ఈ మధ్య చూడలేదు" అన్నాడు. జేబులోంచి పెన్ను తీశాడు.

అప్పుడు నాకు కాలవ అవతలి నొజాకి గుర్తొచ్చాడు. ఎక్కడివో తెచ్చిన గడ్డలు వేసి, తెగులు పొలమంతా పాకి, మొత్తం గోతిలో పూడ్చేశాడు పాపం. ఆ గోతి ఒడ్డున కూర్చుని అన్నం తినకుండా మట్టి పెళ్లలు విసురుతూ ఉండేవాడు. చివరికి పొలం మానేసి లారీ నడుపుకుంటున్నాడు. ఆ గడ్డలు అంటగట్టినవాడి చేతులు పడిపోనూ అని ఊళ్లో అందరికంటే గట్టిగా తిట్టింది నేనే. ఇప్పుడు నా గడ్డలు ఇంటింటికీ పోతే ఆ తిట్టు ఎవరికి తగులుతుంది?

"ఆగండి. రాయొద్దు" అన్నాను.

వదిన నావంక చూసిన చూపుకు పచ్చగడ్డి భగ్గుమనాలి. నేను పొద్దున పీకిన సంచి విప్పి చూపించాను. డబ్బాలు చూపించాను. కోసుగి ఒక ఆకు తిప్పి చూశాడు.

"దేనికి అంటిందో దేనికి అంటలేదో వచ్చే వసంతం దాకా తెలీదు. తీసుకోలేను" అన్నాడు.

"విడిగా ఎక్కడైనా వేసి, ఏడాది చూసి..."

"ఎక్కడ వేస్తారు? కనుచూపుమేరా తులిప్ పొలాలే. మీవి ఉంటే వాటికీ ముప్పే."

"అయితే?"

ఆయన పెన్ను జేబులో పెట్టేసుకున్నాడు. అంతకంటే చెప్పడానికి ఏముంది? నాకు తెలియదా?

మొదటి మొక్క పీకేటప్పుడు చెయ్యి రాలేదు. రెండోది పీకాక ఇక ఆగలేదు. గడ్డ, కాడ, పువ్వు, అన్నీ కలిపి పట్టి లాగడం, సంచిలో కుక్కడం. ఏడుపొచ్చింది, ఏడ్చాను, సిగ్గేముంది? ముక్కు తుడుచుకోవడానికి కూడా చేతులు ఖాళీ లేవు. కాసేపటికి చప్పట్లు వినబడ్డాయి. తలెత్తి చూస్తే గట్టు నిండా జనం, కెమెరాలు పట్టుకుని.

"చూడండి చూడండి, తులిప్ కోత చేసి చూపిస్తున్నారు!"

"పండగలో ఇది ఏటా ఉంటుందా మామ్మగారూ?"

"ఒక పూలగుత్తి ఇస్తారా? మేం అంత దూరంనుంచి వచ్చాం."

టోపీ పెట్టుకున్న ఒకావిడ మడిలోకే దిగి, ఒక ఉమెజును గడ్డతో సహా రుమాల్లో చుట్టుకుంటోంది. వెళ్లి లాక్కున్నాను. "ముట్టుకోకండి! అందరూ గట్టెక్కండి! ఇది తెగులు, తెగులు! మీ కళ్లు కాకులు పొడవ, చప్పట్లు కొట్టేది చావింటి ముందు!" అని అరిచాను. ఆవిడ బిత్తరపోయింది. వెనకాల ఎవరో మాత్రం ఇంకా ఫోటోలు తీస్తూనే ఉన్నారు.

మా ఆయన సంచులు పట్టుకుని వచ్చాడు. చెవిలో మిషను ఉంది. నా పక్కన వంగి పీకడం మొదలుపెట్టాడు. ఆ రోజునుంచి నెల రోజులు ఆయనతో మాట్లాడలేదు, అది వేరే సంగతి.

వదిన జెండా కిందికి దించేసి గట్టు మీద కొయ్యలా నిలబడింది. "అన్నీనా?" అని మాత్రం అడిగింది.

"అన్నీ. మీ డబ్బాలతో సహా. మీ ముచ్చట తీరింది, ఇక బస్సెక్కండి."

ఎక్కింది.

మే ఐదుతో సెలవులు అయిపోయాయి, పండగ జనం పోయారు. నల్లటి ఉత్త మడి మిగిలింది. దానివంక చూడకుండా, డబ్బాలకు దూరంగా ఉన్న మిగతా పొలంలో పూలు తుంచుకుంటూ పోయాను. మే నెల సగంలో ఒకరోజు ఫోను మోగింది.

"రేపు మా ఇంటికి రా" అంది కిమియో వదిన.

"రాను."

"రాకపోతే నీకే నష్టం. ఇష్టం నీది" అని పెట్టేసింది.

వెళ్లకూడదనే అనుకున్నాను. పొద్దున లేచి చూస్తే మా ఆయన ట్రక్కు స్టార్ట్ చేసుకుని కూర్చున్నాడు. నేనూ ఎక్కి కూర్చున్నాను. లోయలో పైకి పోయేకొద్దీ చలి. అక్కడ దేవదారు చెట్ల నీడన ఇంకా మురికి మంచు గుట్టలుగా ఉంది. వదిన ఎదురొచ్చి, రండి కూర్చోండి లేదు, మంచినీళ్లు లేవు, హోటలు వెనక్కి నడిచింది.

అక్కడ గోడ వారన కుండీలు వరసగా ఉన్నాయి. పువ్వుల్లేవు. తలలు తుంచేసిన కాడలు, వాటి కింద మందంగా, ఆరోగ్యంగా ఆకులు. ఆకు అంచున సన్నటి మడత, కాడకు నల్లెరుపు. పెంచిన పిల్లను వీపు చూసి గుర్తుపట్టినట్టు గుర్తుపట్టాను. ఉమెజులు!

"ఇవెక్కడివి?" అన్నాను.

"దొంగిలించాను" అంది వదిన, ఉప్పు అప్పు తెచ్చుకున్నానన్నట్టు. "డబ్బాలు పెట్టకముందు ఏడాది. జూన్‌లో నువ్వు కొట్లో ఆరబెట్టుకున్నప్పుడు గుప్పెడు జేబులో వేసుకొచ్చాను. పుట్టింట్లో తీసుకుంటే దొంగతనం అవుతుందా?"

"అవుతుంది."

"అయితే పోలీసుల్ని పిలువు."

నేను వినిపించుకోలేదు. మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో ఆకూ తిప్పి చూశాను. పేనుబంక లేదు. ఒక్కటి లేదు. ఆ కొండల్లో తులిప్ పొలమనేదే లేదు.

"రెండేళ్లూ పూసినప్పుడు ఒక్కోటీ చూశాను. చార లేదు" అంది వదిన.

"పూలేవి?"

"తుంచేశాను. గడ్డ బలపడాలిగా. మా అమ్మ కొట్టి నేర్పిన పని, మర్చిపోతానా?"

"మరి నా మడిలో తుంచితే ఊరుకోనన్నారు!"

"అది పండగ. ఇది నా కుండీ."

ఆవిడ గొంతు పిసకాలో, కాళ్లు పట్టుకోవాలో తెలియలేదు. అంత ద్వేషమూ అంత ఆశా ఒక్క మనిషి మీదే పుట్టడం నాకు అదే మొదలు. ఏం కావాలి మీకు అని అడిగాను. ఊరికే పిలిచే మనిషి కాదని తెలుసు.

"తవ్వి నీకే ఇస్తాను, అన్నీ. మళ్లీ మడి నింపుకో, సంఘానికి ఇచ్చుకో. ఒక్కటే మాట. ఆ పచ్చడి పేరు తీసెయ్. దానికి మా అమ్మ పేరు పెట్టాలి. హత్సు."

"కోళ్లను తోలింది మీ అమ్మ! వీటి మీదికి!"

"తెలుసు. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను."

"ఉండి?"

"మా అమ్మకు ఎదురుచెప్పినవాళ్లను చూశావా నువ్వు? ఆ పొలం చదును చేసింది ఆవిడ. వీపు వంగిపోయేదాకా మోసింది. ఆవిడ పేరు సమాధి రాయి మీద తప్ప ఎక్కడా లేదు. పెడతావా, పెట్టవా?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. నా పుప్పొడి, నా విత్తనం, నా నెరిసిన జుట్టు. పేరు మాత్రం నా మొలకల మీదికి కోళ్లను తోలిన మనిషిది! పెట్టనంటే పువ్వు ఆ కుండీల్లోనే ఉండిపోతుంది, ఆవిడ దయ ఉన్నన్నాళ్లు. నేను లోపలికి వెళ్లి, గదిలో చాప మీద చేతులు ఆనించి, నుదురు తాకేదాకా వంగి, "మీరు చెప్పినట్టే చేస్తాను, ఇప్పించండి" అన్నాను. వంగినంతసేపూ తల్లినీ కూతుర్నీ కలిపి లోపల తిడుతూనే ఉన్నాను. తిట్లు అయిపోయాక లేచాను.

ఆ గడ్డలు మళ్లీ మడి నింపడానికి ఏళ్లు పట్టింది. గట్టు మీద డబ్బాల్లేవు. కోసుగి వచ్చి చూశాడు, ఈసారి రాశాడు. ఇప్పుడు కాలవ అవతల కూడా హత్సు పూస్తోంది. పండగ పోస్టరు మీద కూడా అదే పేరు, పెద్దక్షరాలతో.

మొన్న వసంతంలో తనిఖీ అయిన మర్నాడు బుట్ట పట్టుకుని మడిలోకి దిగాను. గట్టు నిండా జనం. ముందు వరసలో ఒక కుర్రది, "ఎంత బాగుందో! ఈ పువ్వు పేరేంటి మామ్మగారూ?" అని అడిగింది.

"హత్సు. మా అత్తగారు" అన్నాను.

"అయ్యో, ఎంత ప్రేమో!"

పువ్వు మెడ కింద బొటనవేలు ఆనించి టప్పున విరిచాను. బుట్టలో వేశాను. పక్క హత్సు దగ్గరికి జరిగి దాన్నీ విరిచాను. మడి చాలా పెద్దది, నాకేం తొందర లేదు. జనం అయ్యో అయ్యో అంటుంటే, ఇంత తేలిగ్గా నిద్రపట్టే రోజులు నాకు ఈ ఇంట్లో ఎప్పుడూ లేవే అనుకున్నాను.

పచ్చజెండా పట్టుకుని వదిన చాలాసేపు చూస్తూ నిలబడింది. ఆపుతుందేమో, ఈసారి ఏం అనాలా అని మాటలు సిద్ధం చేసుకుంటున్నాను. ఆవిడ జెండా గట్టు మీద పడేసి, చెప్పులు విప్పి, మడిలోకి దిగింది. నావంక చూడలేదు. ఎదురుగా ఉన్న హత్సును పట్టుకుని తల విరిచింది.

నాకంటే గట్టిగానే విరిచింది.